కరెంటు ఎక్కడ తెగాలి?

రామగుండంలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయినా కరీంనగర్‌లో ఇంట్లో తిరిగే ఫ్యాను ఆగదు. వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక్క ఫీజు పోతే మాత్రం వాడంతా చీకటవుతుంది. అంత పెద్ద యంత్రం పడిపోతే ఎవరికీ తెలియదు, బెత్తెడు తీగ కరిగితే అందరికీ తెలుస్తుంది. ఈ రెండింటి వెనకా ఉన్న విద్య ఒకటే. ఇంజినీర్లు దాన్ని ప్రొటెక్షన్ అంటారు. కరెంటు పుట్టించే ఇంజినీరు చేసే పనేమిటో జనానికి కొంత తెలుసు. పుట్టిన కరెంటు ఏ ప్రమాదం వచ్చినప్పుడు, ఎక్కడ, ఎంత సేపట్లో తెగాలో ముందే లెక్కగట్టి పెట్టే ఇంజినీరు ఒకరుంటారని తెలిసినవాళ్లు తక్కువ. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా ఎలక్ట్రికల్ డిప్లొమానో బీటెక్‌నో చదివే పిల్లలు కనిపిస్తారు. వాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఈ పని గురించి నిదానంగా చెప్పాలని ఈ వ్యాసం.

ఈ ప్రాంతంలో కరెంటు పనికి ఇంత చోటు దొరకడానికి కారణం బొగ్గూ నీళ్లూ పక్కపక్కనే ఉండటం. గోదావరికి అటూ ఇటూ సింగరేణి గనులు. రామగుండంలో 62.5 మెగావాట్ల ‘బి’ థర్మల్ స్టేషన్ 1971లో మొదలై, అర్ధ శతాబ్దానికి పైగా నడిచి, 2024లో మూతపడింది. ఈలోగా అదే ఊళ్లో దానికి నలభై రెట్ల కేంద్రం లేచింది. దక్షిణాదిలో ఎన్టీపీసీ కట్టిన తొలి సూపర్ థర్మల్ కేంద్రం అది. 1978 నవంబర్ 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ వచ్చింది. అలాంటివి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, చివరిది 2004లో చేరాక మొత్తం 2,600 మెగావాట్లు. నీళ్లు శ్రీరాంసాగర్ కాలువ నుంచి, తర్వాత ఎల్లంపల్లి నుంచి. ఆ ఆవరణలోనే తెలంగాణ కోసం 800 మెగావాట్ల యూనిట్లు రెండు కట్టారు. మొదటిది 2023 అక్టోబర్‌లో, రెండోది 2024 మార్చిలో ఆదిలాబాద్ సభలో జాతికి అంకితమయ్యాయి. నది అవతల జైపూర్‌లో సింగరేణి సంస్థే 2016లో 1,200 మెగావాట్ల కేంద్రం నడపడం మొదలుపెట్టింది. రామగుండం రిజర్వాయర్ మీద తేలే సోలార్ పలకలు 2022 నుంచి 100 మెగావాట్లు ఇస్తున్నాయి. 2016లో జిల్లాలు విడిపోయాక రామగుండం పెద్దపల్లికి, జైపూర్ మంచిర్యాలకు పోయాయి కానీ, తీగల లెక్కలో ఇదంతా ఇప్పటికీ ఒక్క దిక్కే.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. బొగ్గు మండి ఆవిరి పుడుతుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. ఇంతవరకు బడి పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది ఆ తిరగడంలోని గాంభీర్యం. నిమిషానికి 3,000 చుట్లు, ఎప్పుడూ అంతే. 3,000 చుట్లయితే మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. 500 మెగావాట్ల జనరేటర్ 21 వేల వోల్టుల దగ్గర 16 వేల ఆంపియర్లు ఇస్తుంది. మన ఇంటి మెయిన్ స్విచ్‌లో 30 ఆంపియర్లు పారితేనే తీగ వేడెక్కుతుందని గుర్తు పెట్టుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. లోపలి వేడిని లాగేయడానికి రోటర్ చుట్టూ గాలి బదులు హైడ్రోజన్ నింపుతారు, స్టేటర్ రాగి కడ్డీలను బోలుగా చేసి వాటిలో శుద్ధి చేసిన నీళ్లు పారిస్తారు. బయట ట్రాన్స్‌ఫార్మర్ ఆ 21 వేల వోల్టులను 4 లక్షలకు ఎత్తుతుంది. ఎత్తగానే 16 వేల ఆంపియర్లు సుమారు 850కి దిగుతాయి. దూరం పోయే లైన్లకు పెద్ద వోల్టేజీ ఎందుకంటే ఇందుకే: కరెంటు తగ్గితే దారిలో వేడిగా పోయే నష్టం తగ్గుతుంది.

ఇంత శక్తి కట్టుబడి ఉన్న చోట ఎక్కడో ఒకచోట ఇన్సులేషన్ చితికిందనుకోండి. కరెంటు తన దారి వదిలి దగ్గరి దారిన భూమిలోకో, పక్క ఫేజులోకో పరుగెడుతుంది. మామూలుగా పారేదానికి ఎన్నో రెట్లు పారుతుంది. రాగి కరుగుతుంది, ఇనుప కోర్ మాడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె మంటలు లేస్తాయి. మనిషి చూసి, నిర్ణయించి, స్విచ్ మీద చెయ్యి వేసేలోపు అంతా అయిపోతుంది. అందుకే ఆ నిర్ణయాన్ని రిలే అనే పరికరానికి అప్పగించారు. లైన్లోని కరెంటునూ వోల్టేజీనూ సీటీ, పీటీ అనే కొలత ట్రాన్స్‌ఫార్మర్లు చిన్న మోతాదుకు తగ్గించి రిలేకు అందిస్తాయి. రిలే వాటిని నిరంతరం కొలుస్తూ ఉంటుంది. హద్దు దాటితే బ్రేకర్‌కు ఆజ్ఞ ఇస్తుంది, బ్రేకర్ తెరుచుకుంటుంది. 400 కేవీ (4 లక్షల వోల్టుల) లైన్లో ఫాల్టు వస్తే ఇదంతా 100 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో పదో వంతులో ముగియాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రమాణం. 220, 132 కేవీలకు 160 మిల్లీసెకన్లు.

జనరేటర్ చుట్టూ ఇలాంటి కావలి ఒక్కటి కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది డిఫరెన్షియల్. దాని ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. కడ్డీకి ఈ కొసన ఎంత కరెంటు ఉందో ఆ కొసనా అంతే ఉండాలి. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కారిపోతున్నట్టే. ఇంక అడగడం, ఆగడం లేదు, వెంటనే యూనిట్‌ను విడదీయాలి. ఇంకొకటి రివర్స్ పవర్. ఏ కారణం వల్లనో ఆవిరి ఆగిపోయినా జనరేటర్ ఆగదు. గ్రిడ్ నుంచి కరెంటు లాక్కుని మోటరులాగా తిరుగుతూనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపల టర్బైన్ చివరి వరుస రెక్కలు చల్లబరిచే ఆవిరి లేక కాగిపోతుంటాయి. కరెంటు బయటికి పోవలసింది లోపలికి వస్తోందని పసిగట్టి విడదీసే రిలే లేకపోతే, మెరిసే మీటర్ల ముందు కూర్చుని టర్బైన్‌ను పోగొట్టుకుంటాం.

యూనిట్ ట్రిప్పయిందంటే గండం గడిచినట్టు అనుకుంటారు చాలామంది. అక్కడినుంచే అసలు జాగ్రత్త మొదలవుతుంది. టన్నుల కొద్దీ బరువున్న రోటర్ 3,000 చుట్ల నుంచి నెమ్మదించి ఆగడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ బేరింగుల్లోకి నూనె పోతూనే ఉండాలి. పోకపోతే బేరింగులు కరుగుతాయి. స్టేషన్ మొత్తం చీకటైన వేళ నూనె పంపును నడిపేది ఎవరు? ఒక గదిలో వరుసగా పేర్చిన బ్యాటరీలు. 220 వోల్టుల డీసీ. రిలేలకూ, బ్రేకర్ తెరిచే కాయిల్‌కూ, ఆఖరి నూనె పంపుకూ ప్రాణం అవే. రోటర్ ఆగాక కూడా వదలరు. వేడిగా ఉన్న షాఫ్టు ఒకే భంగిమలో నిలిస్తే వంగిపోతుంది కనుక, చల్లారేదాకా బారింగ్ గేర్ మీద మెల్లగా తిప్పుతూ ఉంటారు. థర్మల్ కేంద్రం చూడటానికి వెళ్లినవాళ్లు చిమ్నీ ఎత్తు చూసి, కంట్రోల్ రూమ్ చూసి వస్తారు. నన్నడిగితే బ్యాటరీ గది చూసి రావాలంటాను. అక్కడ నేల శుభ్రంగా ఉండి, ప్రతి సెల్లు కొలత రిజిస్టర్లో రాసి ఉంటే, ఆ కేంద్రంలో ప్రొటెక్షన్‌ను మనసు పెట్టి చూసేవాళ్లు ఉన్నారని నమ్మవచ్చు.

తెంచడం ఇలా. కానీ ఈ విద్యలో తెంచడం సులువైన సగం. కష్టమైన సగం, తెంచకుండా ఆగడం.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వ్యవసాయం చేసే రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక పొలం గట్టు తెగితే ఆ పొలానికి నీళ్లిచ్చే తూము మూయాలి. దాన్ని మూయలేకపోతే పిల్లకాలువ తూము మూయాలి. గట్టు తెగిందని వినగానే పైన కాలువ గేట్లు దింపేస్తే వంద ఊళ్లు ఎండుతాయి. కరెంటులోనూ అంతే. బోరు మోటరులో షార్ట్ వస్తే ఆ మోటరు ఫీజు పోవాలి. అది పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు, అదీ పోకపోతే సబ్‌స్టేషన్లో 11 కేవీ ఫీడర్ బ్రేకర్, ఆ తర్వాత 33 కేవీ. పై మెట్టులోని ప్రతి రిలే ఫాల్టును చూస్తూనే ఉంటుంది, కింది మెట్టువాడికి అవకాశమిచ్చి సెకనులో కొంత భాగం వేచి ఉంటుంది. ఎవరు ఎంతసేపు వేచి ఉండాలో గీతల కాగితం మీద ఒక్కో మెట్టూ లెక్కవేసి ఇంజినీరు నిర్ణయిస్తాడు. దాన్ని కోఆర్డినేషన్ అంటారు. లెక్క కుదిరితే ఒక్క పొలం కరెంటు పోతుంది. కుదరకపోతే మండలం పోతుంది.

పెద్ద లైన్లలో ఈ వేచి ఉండటం ఇంకా సున్నితం. అక్కడ డిస్టెన్స్ రిలేలుంటాయి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చే ఇంపిడెన్స్‌ను బట్టి ఫాల్టు ఎంత దూరంలో ఉందో అవి అంచనా వేస్తాయి. లైన్లో మొదటి 80 శాతంలో ఉంటే వెంటనే తెంచుతాయి. ఆ అవతల, పక్క సబ్‌స్టేషన్ దాకా ఉంటే కొంచెం ఆగి తెంచుతాయి. ఇంకా దూరాన్ని చూసే మూడో జోన్ అందరికంటే ఎక్కువసేపు ఆగుతుంది, ఎవరూ తెంచనప్పుడే తాను తెంచాలి. చిక్కు ఎక్కడంటే, లైన్ మీద లోడు విపరీతంగా పెరిగి వోల్టేజీ తగ్గినప్పుడు కూడా ఆ భాగహారం విలువ పడిపోతుంది. ఫాల్టేమీ లేకున్నా మూడో జోన్‌కు దూరాన ఫాల్టున్నట్టే కనిపిస్తుంది.

2012 జులై 30 తెల్లవారుజామున రెండున్నర దాటాక మధ్యప్రదేశ్‌లో ఇదే జరిగింది. బీనా నుంచి గ్వాలియర్ పోయే 400 కేవీ లైన్ అప్పటికే బరువెక్కి ఉంది. మూడో జోన్ రిలే ఆ బరువును ఫాల్టుగా తీసుకుని లైన్‌ను తెంచింది. దాని మీది భారం మిగతా లైన్ల మీద పడి అవీ ఒక్కొక్కటే పోయాయి. ఉత్తర ప్రాంత గ్రిడ్ మొత్తం కూలింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే లైన్, అదే తీరు. ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ చీకటయ్యాయి. 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం అది. రైళ్లు పట్టాల మీద నిలిచాయి. విచారణ కమిటీ బలహీనమైన లైన్లనూ, షెడ్యూల్‌కు మించి కరెంటు లాగిన రాష్ట్రాలనూ తప్పుపట్టింది. అయినా ఆ రెండు రోజుల్లోనూ చివరి దెబ్బ కొట్టింది తెంచనక్కర లేనిచోట తెంచిన రిలే. అది చెడిపోలేదు. తనకు పెట్టిన సెట్టింగ్ ప్రకారమే పనిచేసింది.

ఆ రెండు రోజులూ మన దగ్గర దీపాలు వెలిగాయి. ఎందుకో తెలుసుకోవాలంటే మళ్లీ రామగుండం రావాలి. రామగుండం నుంచి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా భద్రావతికి 400 కేవీ లైను పోతుంది. భద్రావతిలో ఒక మార్పిడి కేంద్రం ఉంది. ఇటు నుంచి వచ్చిన ఏసీ కరెంటును డీసీ చేసి, అక్కడికక్కడే మళ్లీ ఏసీ చేసి అటు పంపుతుంది. వెయ్యి మెగావాట్లు అటైనా ఇటైనా పోవచ్చు. ఏసీతో నేరుగా కలిపితే రెండు వైపుల జనరేటర్లూ ఒకే లయలో తిరగక తప్పదు, ఒకవైపు తడబడితే రెండోవైపూ తడబడుతుంది. మధ్యలో డీసీ ఉంటే కరెంటు దాటుతుంది కానీ తడబాటు దాటదు. 2012 నాటికి దక్షిణ గ్రిడ్‌కు మిగతా దేశంతో ఉన్న పెద్ద లంకెలన్నీ ఇలాంటివే. అవతల లయ తప్పినా ఇవతల తప్పలేదు. బయటి నుంచి రావలసిన కరెంటు మాత్రం తగ్గింది. ఫ్రీక్వెన్సీ పడిపోతే కొన్ని ఫీడర్లను వాటంతట అవే తెంచే రిలేలు పనిచేసి దక్షిణాదిని నిలబెట్టాయి. కొందరికి కాసేపు కరెంటు తీసేసి అందరికీ పోకుండా ఆపడం ఆ రిలేల పని.

2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిపాక దక్షిణాది కూడా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. అప్పటినుంచి రామగుండం రోటరూ, గుజరాత్‌లో తిరిగే రోటరూ, అస్సాంలో తిరిగేదీ విద్యుత్తు పరంగా కలిసికట్టుగా తిరుగుతున్నాయి. మొదట్లో అన్న ఫ్యాను ముడి ఇక్కడ వీడుతుంది. 2024 మే 30న దేశం వాడకం 250 గిగావాట్లు తాకింది. అంత లోడు ముందు 500 మెగావాట్లు పోవడం ఐదువందలో వంతు. ఫ్రీక్వెన్సీ పిసరంత దిగుతుంది, దేశమంతటా ఉన్న యంత్రాల వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు దాన్ని చూసి ఆవిరి కవాటాలను కొద్దిగా తెరుస్తాయి. కరీంనగర్ ఫ్యానుకు విషయమే తెలియదు. ఈ కలయిక మంచిదా అని అడిగేవాళ్లున్నారు. మంచిదేనని నా అభిప్రాయం. ఒంటరి గ్రిడ్‌లో 500 పోతే అది పెద్ద దెబ్బ. అయితే కలిసి ఉన్నప్పుడు ఒకచోటి తప్పు సెట్టింగ్ ఎంతదూరం పాకుతుందో కూడా 2012 చూపించింది. కలయిక పెరిగినకొద్దీ ప్రొటెక్షన్ ఇంజినీరు సంతకానికి బరువు పెరుగుతుంది.

ఆ ఇంజినీరు రోజు ఎలా ఉంటుంది? ట్రాన్స్‌కోలోనూ డిస్కంలలోనూ ఈ విభాగాన్ని ఎంఆర్‌టీ అంటారు, మీటర్లూ రిలేలూ టెస్టు చేసేవాళ్లు. థర్మల్ కేంద్రాల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ కింద టెస్టింగ్ జట్టు ఉంటుంది. జగిత్యాల దగ్గరి నాచుపల్లిలోనూ మంథనిలోనూ జేఎన్టీయూ కాలేజీలు వచ్చాక ఈ చదువు ఇంటి దగ్గరికే వచ్చింది. గేట్ రాసి ఎన్టీపీసీకి, పోటీ పరీక్ష రాసి జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలకు ఏఈలుగా పోవచ్చు. చేరగానే ఎవరూ రిలేల మీద చెయ్యి వేయనివ్వరు. ముందు శిక్షణ, తర్వాత షిఫ్టులు. ఏ, బీ, సీ షిఫ్టుల్లో కొన్నేళ్లు తిరిగి, యూనిట్ లేవడం, పడటం కళ్లారా చూసినవాడికే రిలే లెక్కల్లోని అంకెలు ప్రాణంతో కనిపిస్తాయి. అందుకే షిఫ్టు డ్యూటీని శిక్షగా చూడవద్దని కొత్తవాళ్లకు చెబుతాను. రాత్రి మూడింటికి బాయిలర్ ఫీడ్ పంపు ట్రిప్పయితే డెస్కు మీద ఏమేం మారుతుందో చూసిన అనుభవం ఏ పుస్తకమూ ఇవ్వదు.

ఆ తర్వాత షట్‌డౌన్ దొరికిన రోజుల్లో టెస్టింగ్ కిట్ పట్టుకుని ప్యానెళ్ల ముందు నిలబడటం. బయటి నుంచి లెక్కప్రకారం కరెంటు ఎక్కించి, రిలే చెప్పిన అంకె దగ్గరే లేచిందా, చెప్పిన సమయానికే తెంచిందా చూడటం. పాత స్టేషన్లలో మద్రాసులో తయారైన ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ రిలేలుండేవి. అల్యూమినియం పళ్లెం మెల్లగా తిరిగి కాంటాక్టును తాకేది, గాజు మూతలోంచి కంటితో చూడొచ్చు. ఇప్పటివి న్యూమరికల్ రిలేలు, లోపల ప్రాసెసర్లు. ఒక్క పెట్టెలో పది రిలేల పని. ఏ మిల్లీసెకనుకు ఏమైందో ఉపగ్రహ గడియారంతో సరిచూసుకుని రాసిపెడతాయి. కానీ ఎంత కొత్త పెట్టయినా దానికి చూపునిచ్చేది సీటీ తీగలే. కొత్తగా వైరింగ్ చేసినప్పుడు ఆ తీగల కొసలు తారుమారైతే అంతా బాగున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో కూడా రిలేకు తేడా కనిపించి ట్రిప్పవుతుంది. లైన్ నడుస్తుండగా సీటీ తీగ విప్పితే ఆ కొసల్లో వేల వోల్టులు లేచి మనిషి ప్రాణమే తీయగలవు. అందుకే సీటీ తీగను విప్పేముందు షార్ట్ చేశావా అని పక్కవాడు పైకి అడగడం, విప్పేవాడు చేశానని పైకి చెప్పడం మంచి జట్లలో ఆనవాయితీ.

అసలు పరీక్ష ట్రిప్పయిన తర్వాత వస్తుంది. లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోను, పైఅధికారి నుంచి ఫోను, అందరిదీ ఒకటే ప్రశ్న: మళ్లీ ఎప్పుడు పెట్టొచ్చు? ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ మీద పోయి, బుక్‌హోల్జ్ రిలే కూడా లేచిందంటే లోపల ఏదో కాలి నూనెలోంచి గ్యాసు పుట్టిందని అర్థం. అప్పుడు మళ్లీ చార్జ్ చేసి చూద్దామనడం దాన్ని పేల్చడమే. గ్యాసు తీసి పరీక్షించాలి, వైండింగ్ కొలతలు తీయాలి, అప్పటిదాకా వద్దనాలి. ఎండాకాలం, లోడు నెత్తిమీద ఉంటుంది, పట్టణం చీకట్లో ఉంటుంది. ఆ ఒత్తిడిలో వద్దు అన్న మాట మీద నిలబడగలగడం ఈ వృత్తిలో జీతానికి అసలు కారణం. ఆ తర్వాత రిలే రాసిపెట్టిన రికార్డులు తెరిచి, తరంగాలు చదివి, ఏది సరిగా తెగింది, ఏది అనవసరంగా తెగిందో తేల్చాలి. పెద్ద ట్రిప్పులన్నీ బెంగళూరులోని దక్షిణ ప్రాంత విద్యుత్ కమిటీ ముందుకు వెళ్తాయి. అక్కడ అన్ని రాష్ట్రాల ఇంజినీర్లు కూర్చుని ఒకరి రిలేల తప్పొప్పులు ఒకరు తరచి చూస్తారు. ఒకరి సెట్టింగ్ ఇంకొకరి లైన్‌ను తెంచే రోజుల్లో అలా కూర్చోక తప్పదు.

ఈ ఇంజినీర్ల ముందుకు కొత్త కొత్త లోడ్లు వస్తున్నాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కింద రామడుగు మండలంలో భూగర్భంలో కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటరు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. ఒక్క మోటరే రామగుండంలో మూతపడిన ‘బి’ స్టేషన్‌కు రెండింతలకు పైగా తాగుతుంది. దాన్ని స్విచ్ వేసినట్టు వేస్తే చుట్టుపక్కల వోల్టేజీ కుంగుతుంది. అందుకని ఫ్రీక్వెన్సీని సున్నా నుంచి మెల్లగా పెంచే ప్రత్యేక పరికరంతో మోటరును వేగం పుంజుకోనిచ్చి, గ్రిడ్‌తో లయ కలిశాకే కలుపుతారు.

ఇప్పుడు ఈ తీగల చివరి కొసకు, పొలంకాడికి పోదాం. ఈ వ్యాసంలో నా మనసంతా అక్కడే ఉంది.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఐదు హెచ్‌పీ మోటర్లను ఐదింటిని మోయగలదు. దాని మీద ఏడో ఎనిమిదో ఉంటాయి. మోటరు లేచేటప్పుడు నడిచేటప్పటికంటే ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఆటోస్టార్టర్లు పెట్టుకున్న రోజుల్లో కరెంటు రాగానే ఆ మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు ఆటోస్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేసింది ఇందుకే. లోడు మించితే ఫీజు పోతుంది. పోవడమే దాని పని. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు, సన్నతీగ కరిగి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడుతుంది. పంట ఎండుతున్న రైతు మాటిమాటికీ పోయే ఫీజుతో విసిగి లావు తీగ చుడతాడు. ఆ తర్వాత ఫీజు పోదు, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. రైతును తిట్టి లాభం లేదు. ఐదు మోటర్లు మోసేదానికి ఎనిమిది తగిలించి ఉంచడం వ్యవస్థ చేసిన తప్పు. రామగుండంలో రిలే సెట్టింగ్ మార్చాలంటే ఎన్ని సంతకాలు కావాలో తెలిసినవాళ్లకు, ఊరి బయట దిమ్మె మీద ఆ సెట్టింగ్‌ను ఎవరు పడితే వారు ప్లయర్‌తో మార్చే స్థితి గుండె బరువెక్కిస్తుంది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి అంచు చేలల్లో పందుల కోసమని కంచె తీగకు దొంగచాటుగా కరెంటు పెడతారు. వేటకూ పెడతారు. రాత్రి చేనుకు పోయిన మనుషులు చచ్చిపోతారు, ఎడ్లు చచ్చిపోతాయి, కవ్వాల్ దిక్కు తిరిగే పులులు కూడా చచ్చాయి. ప్రతిసారీ ఊళ్లో ఒక ప్రశ్న లేస్తుంది: అంత కరెంటు భూమిలోకి పోతుంటే సబ్‌స్టేషన్లో బ్రేకర్ ఎందుకు పడలేదు? జవాబు లెక్కల్లో ఉంది. 11 కేవీ ఫీడర్ రిలే వందల ఆంపియర్లకు, ఎర్త్ ఫాల్టు రిలే పదుల ఆంపియర్లకు లేచేలా ఉంటుంది. అంతకు తక్కువ పెడితే మామూలు లోడు హెచ్చుతగ్గులకే ఊరు చీకటవుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. తెగి ఎండు నేల మీద పడిన తీగ కూడా ఇంతే. నేల కరెంటును సరిగా పారనివ్వదు, రిలేకు అది చిన్న లోడులా కనిపిస్తుంది, తీగ ప్రాణంతోనే పడి ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడి ఇంజినీర్లకూ ఈ చిక్కు పూర్తిగా విడలేదు. మనం చెప్పుకున్న రిలేలన్నీ తీగనూ యంత్రాన్నీ కాపాడటానికి పుట్టినవి. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లకే తెంచే చిన్న స్విచ్. అది పట్నంలో కొత్త ఇళ్ల బోర్డుల్లో ఉంటుంది, బావికాడ స్టార్టర్ డబ్బాలో ఉండదు.

జనరేటర్ చుట్టూ డజను రకాల ప్రొటెక్షన్ పెట్టిన మనం బావికాడి మనిషికి ఒక్కటీ పెట్టలేకపోవడం నాకు సమ్మతం కాదు. చేయగలిగినవి ఉన్నాయి, అవి పెద్ద విద్యలూ కావు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఏబీ స్విచ్ మూడు ఫేజులూ నిజంగా విడిపోయేలా ఉండాలి. తుప్పుపట్టి ఒక బ్లేడు అతుక్కుపోయిన స్విచ్‌ను దించి, కరెంటు పోయిందనుకుని ఫీజు మీద చెయ్యి వేసినవాళ్లు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. న్యూట్రల్ ఎర్త్ గుంతలో ఎండాకాలం కూడా తేమ ఉండాలి, ఎర్త్ తీగ తెగి వేలాడకూడదు. మోటరుకూ స్టార్టర్ డబ్బాకూ విడిగా ఎర్త్ ఉండాలి. ఫీజుకు ఏ గేజు తీగ వేయాలో దిమ్మె మీద రంగుతో రాసి ఉండాలి, ఆ తీగ ఊళ్లో దొరకాలి. లైన్‌మన్ ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఎర్త్ రాడ్ తగిలించాకే ముట్టుకోవాలి, ఫోన్లో నోటిమాటగా ఇచ్చే ఎల్‌సీ చెల్లకూడదు. తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోను చేయాలని బడిపిల్లలకు కూడా తెలియాలి.

సిరిసిల్లలో 1970 నుంచి వినియోగదారులే సభ్యులుగా సహకార విద్యుత్ సంఘం నడుస్తోంది. కరెంటు సరఫరాలో ఊరివాళ్లకు మాట ఉండటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎన్ని మోటర్లు తగిలించాలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులే కూర్చుని తేల్చుకునేలా, ఆ పైన తగిలిస్తే రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వక తప్పని బాధ్యత డిస్కం మీద ఉండేలా చేస్తే లావు తీగ అవసరమే సగం పోతుంది.

కాబట్టి ఈ ఏడు ఏఈగా చేరి ఏ కోటపల్లికో కథలాపూర్‌కో పోస్టింగ్ వచ్చిన పిల్లలు, తమకు రామగుండం దొరకలేదని బాధపడనవసరం లేదు. 400 కేవీ ప్రొటెక్షన్ నేర్పేవాళ్లూ సరిచూసేవాళ్లూ చాలామంది ఉన్నారు. మండలంలోని ట్రాన్స్‌ఫార్మర్లన్నీ తిరిగి, ఏ స్విచ్ సరిగా విడిపోవడం లేదో, ఏ దిమ్మెకు ఎర్త్ లేదో, ఎక్కడ ఫీజు బదులు అల్యూమినియం తీగ చుట్టి ఉందో ఒక రిజిస్టర్లో రాసేవాళ్లు తక్కువ. మొదటి నెలలో ఆ రిజిస్టర్ మొదలుపెడితే, వానాకాలం నాట్లు పడేలోపు అందులో సగమైనా సరిచేయొచ్చు.